శంఖంలో నది

గరుడశిఖరం మీద తొలి ఎండ పడగానే శిలావతీ దుర్గం నిద్రలేచింది. ఎర్రరాతి ప్రాకారాలు, తొండాలెత్తిన ఏనుగుల్లాంటి బురుజులు, సింహముఖాల తూములు, గాలికి రెపరెపలాడే హంసధ్వజం, అన్నీ ఒక్కసారిగా బంగారు నీరు పోసినట్టు మెరిశాయి. ఒక్కటే లోటు. తరతరాలుగా కోట పాదాలు కడుగుతూ పారిన హంసవాహినీ నది అక్కడ లేదు. అది ఉండవలసిన చోట కనుచూపు మేర తెల్లని ఇసుక. ఆ ఇసుక నిండా వజ్రకూట సైన్యం గుడారాలు పుట్టగొడుగుల్లా మొలిచి ఉన్నాయి.

బురుజు మీద నిలబడి వీరాంబిక ఆ గుడారాల వంక చూసి చిన్నగా నవ్వుకుంది. ఆమె మరకతపురి మహారాజుకు అక్కగారు. భర్త రణరంగంలో ఒరిగిననాటి నుంచి ఈ సరిహద్దు కోటకు ఆమే అధికారి. జుట్టు నెరిసింది కానీ గొంతు నెరవలేదు.

"పిండకండర్రా! నీళ్లోడుతుండగానే ఆరేయండి. బొట్టు బొట్టూ కిందవాళ్లకు కనపడాలి" అని కేక వేసింది.

కోటలోని ఆడవాళ్లు పకపక నవ్వుతూ ప్రాకారం పొడుగునా చిలకపచ్చ చీరలు, పసుపు చీరలు, నేరేడుపండు రంగు చీరలు వేలాడదీశారు. కొంగుల నుంచి నీళ్లు టపటప రాలాయి. ఇన్ని నీళ్లు పారబోసేవాళ్లకు దాహమెక్కడిదని శత్రువు అనుకోవాలి. నిజానికి కోటలో తాగడానికి మిగిలింది ఒక్క బావి. చీరలు తడిపేది ఉప్పు తేలిన పాతబావి నీళ్లతో. వాటిలో గొడ్లు కూడా మూతి పెట్టవు.

వేసవి మొదట్లో వజ్రకూట రాజు చండవర్మ ఈ కోట తనదంటూ సైన్యాన్ని పంపాడు. కత్తులకు కోట లొంగలేదు. అప్పుడు ఆయన కొలువులోని మాంత్రికుడు ధూమ్రజటి గరుడశిఖరమెక్కి ఏదో ప్రయోగం చేశాడు. ఒక్క పూటలో నది మాయమైంది. పోయిన నదిని వెతికి తెస్తానని వీరాంబిక మేనల్లుడు, యువరాజు రత్నధ్వజుడు, ఎండిపోయిన జలద్వారం గుండా మారువేషంలో బయటికి వెళ్లాడు. అతని వెంట పడవ నడిపే గవ్వయ్య కూడా వెళ్లాడు. ఏరే లేనప్పుడు పడవవాడికి కోటలో పనేముందన్నది గవ్వయ్య వాదన.

దళపతి కోదండుడు మెట్లెక్కి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మగారూ, యువరాజు నుంచి ఇంకా కబురేమీ లేదు."

"కబురు లేదంటే పట్టుబడలేదని అర్థం కోదండా. పట్టుబడితే వాళ్లు ఈపాటికి డప్పు కొట్టి చెప్పేవారు కాదూ? పో, పోయి అంబలి తాగిరా. ఈ పూట పిల్లలందరికీ తాగినన్ని నీళ్లు పోయించాను. నాకదే చాలు."

ఆ మాట అని ఆమె మళ్లీ కిందికి చూసింది. అన్నిటికన్నా పెద్ద గుడారం ముందు ఎవరో పీట వేసుకుని కూర్చుని ఇటే చూస్తున్నారు.

* * *

అలా చూస్తున్నవాడు వజ్రకూట సేనాని శరభాంకుడు.

బుర్ర మీసాలు, ఎడమ చెంప మీద పాత కత్తిగాటు, ద్వారబంధంలాంటి భుజాలు. మదపుటేనుగు మీదికొచ్చినా కాలు వెనక్కి పెట్టని మనిషి. కోటను కత్తితో గెలుస్తానని బయల్దేరిన తాను నీళ్లు ఎండగట్టి గెలవవలసి రావడం అతనికి ముల్లులా గుచ్చుకుంటోంది. కొన్నాళ్లుగా అన్నం సహించడం లేదు. ఇవాళ మాత్రం కొత్త వంటవాడు పెట్టిన చారు ముంత ఎత్తి తాగేశాడు.

"ఈ చారు ఎవరు కాచార్రా?"

"నేనేనండి దొరా" అన్నాడు వంటవాడు. మసి పట్టిన మొహం, ముందుకు వేలాడే బొజ్జ, వంగిన నడుము. గరిటెతో మళ్లీ చారు పోయడానికి వంగాడు. శరభాంకుడి చూపు అతని కుడిచేతి బొటనవేలి మీద పడి అక్కడే ఆగింది.

అంతలో వజ్రకూటం నుంచి వచ్చిన రౌతు ఒకడు గుర్రం దిగి పరుగున వచ్చాడు. పెదవులు పగిలి ఉన్నాయి. ముందు నీళ్లు తాగించారు. గుక్క తిప్పుకుని, "సేనానీ! మన దగ్గర కూడా ఏరు ఎండిపోయిందండీ. రేవుల్లో పడవలు బోర్లాపడున్నాయి. మీ వీధిలో పిల్లలు ఇసుకలో చెలమలు తవ్వుతున్నారు. మీ కోడలమ్మ అడగమన్నారు, మావయ్యగారు ఎప్పుడొస్తారని" అన్నాడు.

శరభాంకుడు దిగ్గున లేచాడు. నది కోట దగ్గర మాత్రమే ఇంకుతుంది, దిగువన ఎప్పటిలాగే పారుతుందని ధూమ్రజటి నిండు కొలువులో మాట ఇచ్చాడు. ఆ మాట నమ్మి తాను సైన్యాన్ని ఈ ఇసుకలో దించాడు.

"అందరూ దూరంగా పొండి. వంటవాడా, నువ్వు లోపలికి రా."

గుడారం తెర దిగింది. శరభాంకుడు కత్తి దూసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"గరిటె తిప్పేవాడికి అరచేతిలో కాయ కాస్తుంది. నీకు బొటనవేలికి కాసింది. అది వింటినారి లాగేవాడికి కాసే కాయ. ఎవరు నువ్వు?"

వంటవాడు గరిటె కింద పెట్టాడు. వంగిన నడుము నిటారుగా లేచింది. పంచె ముడి వదులు చేయగానే బొజ్జలోని గుడ్డలన్నీ జారి కాళ్ల దగ్గర కుప్పగా పడ్డాయి.

"నేను మరకతపురి యువరాజును, రత్నధ్వజుణ్ణి. మీ భటుల్ని పిలవాలనుకుంటే పిలవండి సేనానీ. చారులో విషం కలపగలిగి కూడా మిరియాలే కలిపాను. అదొక్కటి గుర్తుపెట్టుకోండి."

శరభాంకుడు అతన్ని ఎగాదిగా చూశాడు. ఉన్నట్టుండి గుడారం అదిరేలా నవ్వాడు.

"ఆ మిరియాలు కూడా కాస్త ఎక్కువే పడ్డాయి బాబూ!"

కత్తి ఒరలోకి వెళ్లింది. నవ్వు ఆగాక అతను ముందుకు వంగాడు. "నేను మా రాజు ఉప్పు తిన్నవాణ్ణి. నీతో చేతులు కలపలేను. కానీ నా మనవలు ఇసుక తవ్వుకుంటుంటే ఆ జటలవాడికి కాపలా కూడా కాయలేను. కొండ మీదికి రోజూ మన వంటశాల నుంచి గంగాళం నిండా తిండి వెళుతుంది. ఎవరి కోసమో తెలుసా?"

"గుహ వాకిట కాపలా ఉన్న గండభేరుండం కోసం. అందుకేగా నేను వంటవాణ్ణయింది" అన్నాడు రత్నధ్వజుడు. "దానికి రెండు తలలు. ఒకటి నిద్రపోతే ఒకటి మేలుకుని ఉంటుంది. రెండూ ఒక్కసారి నిద్రపోవాలి. ఈ ఉదయమే గసగసాల పాయసం కాచాను. పొయ్యి మీద ఉంది."

"అయితే ఆ బండి వెంట నేనూ వస్తాను. ఆ మాంత్రికుణ్ణి అడగవలసిన మాట నాకూ ఒకటుంది."

* * *

గరుడశిఖరం దారి గవ్వయ్యకు ఏమాత్రం నచ్చలేదు. పడవైతే నీళ్లే మోస్తాయి. ఈ బండిని ఎద్దులు లాగాలి, ఎద్దుల్ని తాను అదిలించాలి. మనిషి మోకాలెత్తు రాళ్లు, రాళ్ల మధ్య రక్తంలాంటి ఎర్రపూల తీగలు, తీగల వెనక కిచకిచలాడుతూ వెక్కిరించే కొండముచ్చులు. బండి మీద ఇత్తడి గంగాళం. నలుగురు మనుషులు పడుకోగలిగినంత గంగాళం. అందులో వేడివేడి పాయసం, పైన అరచేతి మందాన నెయ్యి. పక్కన వంటవాడి వేషంలో యువరాజు. ముందు గుర్రం మీద శత్రు సేనాని.

వేషంలో ఉన్నన్నాళ్లూ యువరాజును 'బావా' అని పిలవాలని ముందే అనుకున్నారు. ఆ పిలుపు మీద గవ్వయ్యకు మోజు ఇంకా తీరలేదు.

"బావా, ఓ గరిటెడు రుచి చూడనా? ఉప్పు సరిపోయిందో లేదో!"

"పాయసంలో ఉప్పేమిటి గవ్వయ్యా? చూశావంటే ఇక్కడే గురక పెడతావు. నిన్ను మోయడానికి ఇంకో బండి కావాలి."

చివరి మలుపు తిరిగేసరికి ఎద్దులు బెదిరి ఆగిపోయాయి. గవ్వయ్య తలెత్తి చూసి నోరు తెరిచాడు.

గుహ ద్వారానికి అడ్డంగా, నీలమేఘం ముద్దకట్టి కూర్చున్నట్టుగా, గండభేరుండం కూర్చుని ఉంది. ఒక్కొక్క రెక్క ఒక్కొక్క తెరచాపంత. గోళ్లు నాగలి కర్రులు. మెడల మీద నెమలికంఠం రంగు ఈకలు ఎండలో పచ్చగా, నీలంగా, మళ్లీ పచ్చగా మారుతున్నాయి. ఎడమ తల రెక్కలో దూరి నిద్రపోతోంది. కుడి తల మాత్రం గుమ్మడికాయంత కన్ను తెరిచి బండినే చూస్తోంది. దాని చూపు సేనాని మీద నుంచి జారి, వంటవాణ్ణి దాటి, గవ్వయ్య మీద నిలిచింది.

గవ్వయ్య ఎద్దుల చాటుకు నక్కాడు. కానీ నోరు మాత్రం ఎప్పుడూ అతని మాట వినదు. "దండాలు పెద్దమ్మా! ఇన్నాళ్లూ నీకు చప్పిడి ముద్దలు వేశారటగా. ఎంత అన్యాయం! మా బావ చేతి పాయసం తిని చూడు. ఏలకులు దంచింది నేనే."

కుడి తల వంగి గంగాళంలో ముక్కు ముంచింది. ముంచిన ముక్కు తియ్యలేదు. చప్పరింపులకు కొండముచ్చులు మరింత పైకెక్కి దాక్కున్నాయి. ఆ కమ్మని వాసనకు ఎడమ తల కూడా మేలుకుంది. కుడి తలను ఒక్క తోపు తోసి తానూ ముక్కు ముంచింది. రెండు తలలూ ఒకదాని నెత్తి ఒకటి పొడుచుకుంటూ, మధ్యమధ్య కీచుమంటూ, తోడికోడళ్లలా పోట్లాడుకుంటూ తాగాయి.

"కొట్టుకోకండమ్మా, ఇద్దరికీ ఉంది!" అన్నాడు గవ్వయ్య. భయం కాస్త తగ్గింది. సొంతింట్లో వడ్డిస్తున్నట్టే ఉంది అతనికి.

అడుగున కొంచెం పాయసం మిగిలి ఉండగానే కుడి కన్ను మూతపడింది. ఎడమ తల ఒకసారి ఆవులించి, కుడి మెడ మీద ఒరిగింది. గండభేరుండం గురకకు కొండ మీది ఎండుటాకులు లేచి గిరగిర తిరిగాయి. ముగ్గురూ మునివేళ్ల మీద దాని రెక్క పక్కనుంచి నడిచారు.

* * *

లోపల ధూమ్రజటి ఆనందంగా ఉన్నాడు.

ఆ గుహలో స్తంభాలన్నీ స్ఫటికాలు. ప్రతి స్తంభానికీ ఒక నాగుపాము చుట్టుకుని పడగ మీద మణి వెలిగిస్తోంది. మధ్యన పులితోలు. పులితోలు మీద ధూమ్రజటి, మోకాళ్ల దాకా వేలాడే బూడిదరంగు జటలతో. ఒళ్లో రెండు నోళ్ల శంఖం.

అతను ఆ శంఖాన్ని చెవికి ఆనించుకుని విన్నాడు. లోపల హంసవాహిని పారుతోంది. చేపలు ఎగిరి పడుతున్న చప్పుడు, కప్పల బెకబెక, రాళ్లను ఒరుసుకుపోయే నీటి గలగల. ఒక మహానది తన గుప్పిట్లో మూలుగుతుంటే అతనికి నవ్వు ఆగలేదు.

శంఖం తెరుచుకోవడానికి దారి ఒక్కటే. నదికి ఎగువన మరకతపురిలో పుట్టినవాడొకడు, దిగువన వజ్రకూటంలో పుట్టినవాడొకడు, రెండు నోళ్లనూ ఒకే ఊపిరిగా ఊదాలి. అందుకే అతను ముందుగా యుద్ధం రాజేశాడు. బైరాగి వేషంలో మరకతపురి రాజు చెవిలో ఒక మాట ఊదాడు. జ్యోతిష్కుడి వేషంలో చండవర్మ చెవిలో ఇంకొక మాట ఊదాడు. ఇప్పుడు ఆ రెండు దేశాల వాళ్లు ఒకరినొకరు నరుక్కుంటారే తప్ప పక్కపక్కన నిలబడి శంఖం ఊదుతారా? ఇంకొన్నాళ్లు గడిస్తే రెండు సింహాసనాలూ గుక్కెడు నీళ్ల కోసం అతని కాళ్ల దగ్గర వచ్చి వాలతాయి.

అప్పుడే కమ్మని నేతి వాసన అతని ముక్కుకు తగిలింది. ధూమ్రజటి ఆశగా తలెత్తాడు. కొండెక్కినప్పటి నుంచి అతను కందమూలాలే తింటున్నాడు.

ఎదురుగా సేనాని నిలబడి ఉన్నాడు. పక్కన చేతిలో పొడుగాటి ఇనుప గరిటెతో వంటవాడు. వెనక ఎవరో బక్కవాడు, చేతిలో ముంత.

"ధూమ్రజటీ! మా దేశంలో కూడా నది ఎండిపోయింది. వదిలిపెట్టు" అన్నాడు శరభాంకుడు.

"ఓహో, సేనానికి అప్పుడే దాహం వేసిందా?" ధూమ్రజటి ఇకిలించాడు. "మీ రాజునే రమ్మను. మోకాళ్ల మీద రమ్మను!"

అంటూనే అతను ఒక జట పెరికి నేలకు కొట్టాడు. జట నిప్పుపాము అయి బుస్సుమని లేచింది. రత్నధ్వజుడు గరిటెతో దాని పడగ మీద ఒక్కటి మోదాడు. నిప్పురవ్వలు చెదిరాయి. రెండో జట, మూడో జట. శరభాంకుడి కత్తి ఒక పామును రెండుగా కోస్తే ఆ రెండూ రెండు పాములయ్యాయి. ఆ గందరగోళంలో గవ్వయ్య ముంతలోని వేడి పాయసాన్ని మాంత్రికుడి మొహం మీద విసిరికొట్టాడు.

"తాగవయ్యా స్వామీ! కందమూలాలు ఎన్నాళ్లు తింటావు?"

ధూమ్రజటి కెవ్వుమన్నాడు. కళ్లు కనపడక తడుముకుంటుంటే ఒళ్లోని శంఖం జారి, లోపల నది గలగలమంటుండగా దొర్లింది. రత్నధ్వజుడు చేప మీదికి దూకే కొంగలా దాని మీదికి దూకాడు. శంఖం చేయి దాటిన మరుక్షణం నిప్పుపాములు బూడిదయ్యాయి. మాంత్రికుడి శరీరం కాళ్ల నుంచి మొదలై పొగగా మారి, గుహ కప్పుకు తగిలి, చిన్న చీలికలోంచి బయటికి పారిపోయింది.

* * *

ముగ్గురూ గుహ బయటికి వచ్చారు. రత్నధ్వజుడు శంఖం ఎత్తి బలమంతా పెట్టి ఊదాడు. పూచికపుల్ల కదిలిన చప్పుడు కూడా లేదు. శరభాంకుడు తీసుకుని రెండో నోట్లోంచి ఊదాడు. చెంపలు ఎర్రబడ్డాయి. శంఖం పలకలేదు.

"దీనికి రెండు నోళ్లెందుకున్నాయి?" అన్నాడు రత్నధ్వజుడు నెమ్మదిగా.

శరభాంకుడు శంఖం వంక చూశాడు. తరవాత దూరాన కోట వంక, దాని కింది తన గుడారాల వంక చూశాడు. చేతులు కలపలేనని పొద్దున తానన్న మాట గుర్తొచ్చి మీసాల చాటున నవ్వుకున్నాడు.

"చేతులు కలపలేనన్నాను కానీ, ఊపిరి సంగతి అనలేదుగా! రా బాబూ."

ఇద్దరూ తలకు తల ఆనించి చెరొక నోటా ఊదారు.

మొదట ఒక సన్నని కూజితం. తరవాత వెయ్యి ఏనుగులు ఒక్కసారి ఘీంకరించినట్టు ధ్వని. కొండ వణికింది. శంఖం నుంచి వెండిదారంలా మొదలైన నీరు చూస్తుండగానే స్తంభమంత లావై, గోపురమంతై, శిఖరం అంచు నుంచి కిందికి దూకింది. నురుగులో ఇంద్రధనుస్సులు పుట్టాయి. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాయో హంసలు గుంపులు గుంపులుగా నీళ్లలోంచి లేచి రెక్కలు విదిల్చాయి. గండభేరుండం కాళ్లు తడిసి, నిద్రలోనే లేచి, పైరాతి మీదికెక్కి మళ్లీ ముడుచుకుంది. కాడి తెంచుకున్న ఎద్దులూ, సేనాని గుర్రమూ మిట్టకు పరుగెత్తాయి.

గవ్వయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మా హంసమ్మా, వచ్చావా తల్లీ!"

శరభాంకుడి ముఖం మాత్రం పాలిపోయింది. "నా సైన్యం! నా వాళ్లందరూ ఏటి ఇసుకలోనే ఉన్నారు!"

గుర్రానికి ఆ రాళ్లదారిలో వరదతో పందెం వేసే శక్తి లేదు. రత్నధ్వజుడు చుట్టూ చూశాడు. నీళ్లు బండిని ఎత్తేశాయి. ఖాళీ గంగాళం తేలుతూ తిరుగుతోంది.

"గవ్వయ్యా! ఇది నడుపుతావా?"

"నీళ్లుంటే చాలు బావా, చేటనైనా నడుపుతాను. ఎక్కండి!"

ముగ్గురూ గంగాళంలో పడ్డారు. గవ్వయ్య ఇనుప గరిటె తెడ్డుగా పట్టాడు. వరద ముందటి నురుగు మీద గంగాళం గిరగిర తిరుగుతూ, బండరాళ్లను వెంట్రుకవాసిలో తప్పుకుంటూ, కొండ మీద నుంచి కిందికి దూకింది. శరభాంకుడు అంచు పట్టుకుని లేచి నిలబడి, శంఖం నోట పెట్టాడు. నది ఖాళీ అయిన శంఖం ఇప్పుడు ఒక్క ఊపిరికే పలికింది. డేరాలు వదిలి పరుగెత్తండన్న వజ్రకూట సంకేతాన్ని అతను ఆపకుండా ఊదుతూనే ఉన్నాడు.

* * *

ఆ శంఖధ్వని వీరాంబిక చెవిన పడింది. తూర్పున ఇసుక అంచున ఒక తెల్లని గీత కనిపించింది. అది గీత కాదని, నది అని ఆమెకు ఆడవాళ్ల అరుపులు చెప్పాయి. "నీళ్లు! నీళ్లొస్తున్నాయి!" చిన్నా పెద్దా ప్రాకారమెక్కి గంతులు వేస్తున్నారు.

కింద వజ్రకూట సైనికులు గుడారాలు వదిలి పరుగెడుతున్నారు. అవతలి ఒడ్డు నిట్టనిలువు రాతిగోడ. ఇటువైపు ఒక్క కోట మెట్లే మెరక. వందలు వందలుగా వచ్చి మూసిన కోట తలుపుల ముందు పడ్డారు.

కోదండుడు పరుగున వచ్చాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి. "అమ్మగారూ! తలుపులు మూసే ఉన్నాయి. మనం వేలు కదపనక్కర్లేదు. నదే యుద్ధం గెలిచిపెడుతోంది."

వీరాంబిక కిందికి చూసింది. నిన్నటిదాకా కోట మీదికి బాణాలు వేసినవాళ్లే. ఒకడు కుంటివాణ్ణి భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నాడు. ఇంకొకడు పైకి చూసి, ఆమెనే చూసి, రెండు చేతులూ జోడించాడు.

"తలుపులు తెరువు" అంది.

"అమ్మగారూ, వాళ్లు శత్రువులు!"

"కత్తి పట్టుకుని వచ్చినప్పుడు శత్రువులు కోదండా. అప్పుడు నువ్వూ నేనూ కలిసే నరికాం. ఏట్లో కొట్టుకుపోతుంటే గోడ మీద నిలబడి చూసేది యుద్ధం కాదు. ఆయుధాలు గడప బయట పారేసి రమ్మను. తెరవరా తలుపులు!"

కోదండుడు క్షణం నిలబడ్డాడు. మరుక్షణం మెట్లు రెండేసి దూకుతూ దిగాడు. ఇనుపగడియలు దడదడ జారాయి. తలుపులు తెరుచుకున్నాయి. కత్తులూ ఈటెలూ గడప బయట గుట్టగా పడ్డాయి. లోపలి భటులు తాళ్లు విసిరి వెనకబడినవాళ్లను లాగారు. తానే మొదట తాడు విసిరి, ఆఖరు మనిషిని పైకి లాగేదాకా కోదండుడు తాడు వదల్లేదు. నది వచ్చి కోట మెట్లకు ఫెళ్లున తగిలి, గుడారాలను గడ్డిపరకల్లా తుడుచుకుపోయింది.

ఆ నురుగు మధ్య గిరగిర తిరుగుతూ ఒక ఇత్తడి గంగాళం వచ్చి మెట్లకు ఆనింది. అందులోంచి తల తిరుగుతున్న వంటవాడొకడు దిగి, వీరాంబిక పాదాల దగ్గర కూర్చుండిపోయాడు.

"అత్తా, నది తెచ్చాను" అన్నాడు.

"తెచ్చావులే నాయనా. ముందు ఆ మసిమొహం కడుక్కో. ఇప్పుడు నీళ్లకు కరువేముంది!" అంటూ ఆమె అతని తల గుండెకు అదుముకుంది.

* * *

ఆ మధ్యాహ్నం శిలావతీ దుర్గంలో జరిగింది జాతరా విందా అని చెప్పడం కష్టం. గడపకు అటు ఆయుధాలు, ఇటు ఆకులు. మరకతపురి భటుడు వడ్డిస్తుంటే వజ్రకూట భటుడు ఇంకొంచెం పులుసు పోయమంటున్నాడు. రాత్రుళ్లు గోడ మీద నుంచి తిట్టుకున్న ఇద్దరు ఒకరి గొంతు ఒకరు గుర్తుపట్టి, ఒకే ఆకు దగ్గర కూర్చుని ఆ తిట్లన్నీ మళ్లీ తలుచుకుని నవ్వుతున్నారు.

శరభాంకుడు చేతులు కట్టుకుని వీరాంబిక ముందు నిలబడ్డాడు. "అమ్మా, మావాళ్లలో ఒక్కడు కూడా పోలేదు. ఈ మాట మా రాజుకు నేనే చెబుతాను. యుద్ధం ఆపమని చెబుతాను. ఆపకపోతే నా కత్తి ఆయన కాళ్ల దగ్గర పెట్టి ఇంటికి పోతాను."

"చెప్పండి అన్నయ్యా. అంతకన్నా ముందు ఇది చెప్పండి. మా చీరలు చూసి నిజంగానే మోసపోయారా?"

"మోసపోయానమ్మా. మా ఇంటావిడ కూడా అలాగే పిండకుండా ఆరేస్తుంది. అందుకే అనుమానం రాలేదు."

వీరాంబిక చాలాసేపు నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే వజ్రకూట వెనకదళంలోని రౌతు ఒకడు, దక్షిణపు కనుమ దగ్గర కాపలా ఉండవలసినవాడు, భయపడుతూ లోపలికి వచ్చాడు. శరభాంకుణ్ణి చూడగానే నిలువునా కొయ్యబారిపోయాడు.

"సేనానీ! మీరు... మీరిక్కడున్నారా?"

"ఇంకెక్కడుండమంటావురా?"

"ఇప్పుడే కదండీ మీరు కనుమ దాటి దక్షిణంగా వెళ్లారు! నల్లగుర్రం మీద! నేనే దారి తొలిగి దండం పెట్టాను. కోటవాళ్లు నది వదిలి మన సైన్యాన్ని ముంచేశారని, రాజుగారికి చెప్పి ఉన్న సేనంతా తెస్తానని అన్నారు. ఇదే ముఖం, ఇదే గాటు, ఇవే మీసాలు..."

రత్నధ్వజుడు లేచి నిలబడ్డాడు. గుహ చీలికలోంచి పారిపోయిన పొగ ఏ రూపం ఎత్తిందో అందరికీ ఒక్కసారే అర్థమైంది.

"నా ముఖంతో మా రాజు దగ్గరికి వెళతాడు" అన్నాడు శరభాంకుడు. చెంప మీది గాటును తడుముకున్నాడు. "నా ముఖంతో నా ఇంటికి వెళతాడు. మనవలు తాతయ్యా అని ఎదురొస్తారు."

"గుర్రాలు!" అన్నాడు కోదండుడు.

"గుర్రాలు అందుకోలేవు. వజ్రకూటానికి దారి కొండ చుట్టి పోతుంది, నది మాత్రం కొండను చీల్చుకుని పోతుంది" అన్నాడు రత్నధ్వజుడు. "గవ్వయ్యా!"

గవ్వయ్య అప్పటికే రేవులో ఉన్నాడు. జలద్వారం లోపల బోర్లించి ఉన్న తన పడవను ఇద్దరు వజ్రకూట భటుల సాయంతో తిరగేసి నీళ్లలోకి తోస్తున్నాడు. రత్నధ్వజుడు విల్లు అందుకుని ముందు భాగంలోకి దూకాడు. శరభాంకుడు వెనక కూర్చున్నాడు. వీరాంబిక పడవ అంచు పట్టుకుని ఇద్దరినీ మార్చిమార్చి చూసింది.

"ఇద్దరూ తిరిగి రండి. ఒక్కరు వస్తే తలుపు తీయను" అంది. చేయి వదిలింది.

పడవ బాణంలా దూసుకుపోయింది. ఇరువైపులా ఒడ్డున రెల్లు అప్పుడే తలెత్తుతోంది. నీళ్ల మీద హంసలు పక్కకు తప్పుకుని దారిచ్చాయి. కోట చిన్నదై, బొమ్మరిల్లై, మలుపు వెనక మరుగైంది. ఎదురుగా ఎర్రకొండ పెరిగి పెరిగి ఆకాశాన్ని సగం కప్పింది. దాని పాదం దగ్గర నది ఒక సొరంగంలోకి దూరుతోంది.

"అదుగో!" అన్నాడు రత్నధ్వజుడు.

కొండ మీది దారిలో, వాళ్ల తలల పైన, ఒక నల్లగుర్రం పరుగెడుతోంది. గుర్రం మీద మనిషి వెనక్కి తిరిగి పడవను చూశాడు. శరభాంకుడు తన ముఖాన్ని తానే తలెత్తి చూశాడు. పైనున్న ముఖం మీసం దువ్వి నవ్వింది.

రత్నధ్వజుడు విల్లు ఎక్కుపెట్టాడు. పైవాడు గుర్రం ఆపి, కొండ అంచున నిలబడిన ఒక పెద్ద బండరాయి మీద రెండు చేతులూ వేశాడు. బండ కదిలింది. మట్టి జలజల రాలి పడవ ముందు నీళ్లలో పడింది.

"వెనక్కి తిప్పనా బాబూ?" అరిచాడు గవ్వయ్య.

"తిప్పకు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

గవ్వయ్య పళ్లు బిగించి తెడ్డు వేశాడు. బాణం వేసేలోపే బండ కొండను వదిలింది. ముగ్గురూ తలలు వంచారు. పడవ సొరంగం చీకట్లోకి దూరిన మరుక్షణం, వెనక ఆకాశం విరిగిపడినట్టు చప్పుడైంది. వెలుతురున్న ఒక్క దారీ మూసుకుపోయింది. ముందు ఎక్కడో, కొండ కడుపులో, నీళ్లు లోతుగా కిందికి దూకుతున్న హోరు వినిపిస్తోంది.

చీకట్లో శరభాంకుడి చేయి తడుముకుంటూ వచ్చి యువరాజు భుజం పట్టుకుంది.

"ఈత వచ్చా బాబూ?"

"వచ్చు. మీకు?"

"రాదు" అన్నాడు వజ్రకూట సేనాని.

"అయితే భుజం వదలకండి" అన్నాడు రత్నధ్వజుడు. పడవ ముందుకు ఒరిగింది.